గాలి వాటం, సర్కారు వాటం

మన దేశంలో గాలిమరలను నిలబెట్టింది ఇంజినీర్లని అనుకుంటాం. తొలి రోజుల్లో వారికంటే ముందు రంగంలోకి దిగింది ఆడిటర్లు. 1990ల మధ్యలో కోయంబత్తూరు నూలుమిల్లు యజమాని ఎదుట ఆడిటర్ కూర్చుని అడిగే ప్రశ్న ఒక్కటే: ఈ ఏడు లాభం బాగుంది, పన్ను కట్టేస్తారా, ఫ్యాన్ కొంటారా?

లెక్క చాలా తేలిక. అప్పట్లో కంపెనీల లాభం మీద సర్‌చార్జీతో కలిపి 46 శాతం పన్ను. గాలిమర కొంటే దాని ఖరీదు మొత్తాన్నీ మొదటి ఏడాదే తరుగుదల కింద రాసుకోవచ్చని కేంద్రం అనుమతించింది. కోటి రూపాయల యంత్రం కొంటే లాభంలోంచి కోటి తగ్గిపోతుంది, 46 లక్షల పన్ను మిగులుతుంది. యంత్రం ఖరీదులో ముప్పాతిక వంతు దాకా అప్పు దొరికేది. 1987లో పుట్టిన కేంద్ర సంస్థ ఇరెడా ఉన్నదే ఇలాంటి అప్పులివ్వడానికి. అంటే మిల్లు యజమాని చేతినుంచి పెట్టిన డబ్బు కంటే ఆ ఏడాది మిగిలిన పన్నే ఎక్కువ. గాలికి పోయే పేలపిండి కృష్ణార్పణం అన్నట్టు, ఎలాగూ సర్కారుకు పోయే సొమ్మును కొండ మీద ఫ్యాన్‌గా నిలబెట్టారు.

ఇందులో ఇంకో కిటుకు ఉంది. ఆస్తిని ఆ ఆర్థిక సంవత్సరంలో 180 రోజులకు తక్కువ వాడితే తరుగుదల సగమే. అందుకని సెప్టెంబరు నెలాఖరు లోపు రెక్కలు తిప్పాలని ఒక పరుగు, అది తప్పితే మార్చి 31 లోపు ఎలాగైనా తిప్పాలని ఇంకో పరుగు. గాలి మాత్రం దాని కార్తెల ప్రకారం మృగశిరలో మొదలై చిత్త నాటికి నెమ్మదిస్తుంది. మార్చి ఆఖరున నిలబెట్టిన మర ఆ ఏడు కరెంటు ఇచ్చిందా లేదా అన్నది పన్ను కాగితాలకు అనవసరం. ఒక్కసారి తిరిగితే చాలు.

దీని ఫలితం ఊహించేదే. తమిళనాడు దక్షిణ కొసన ఆరల్వాయిమొళి కనుమ దగ్గర, ముప్పందల్ చుట్టుపక్కల మరలు అడవిలా మొలిచాయి. చాలా యంత్రాలు సామర్థ్యంలో ఏడో వంతు కూడా పలికేవి కావు. కొన్ని అరిగిన గేర్లతో ఊరికే నిలబడిపోయాయి. ప్రోత్సాహకం యంత్రానికి ఇచ్చారు కాబట్టి యంత్రాలు పెరిగాయి. కరెంటుకు ఇచ్చి ఉంటే కరెంటు పెరిగేది. ఈ రంగం నలభై ఏళ్ల చరిత్రను ఈ ఒక్క తేడాతో చదువుకోవచ్చు.

కొలిచిన మనిషి

ఆడిటర్ల కంటే ముందు ఒక శాస్త్రవేత్త ఉన్నారు. భారత వాతావరణ శాఖలో పనిచేసిన అన్నా మణి. 1918లో కేరళలోని పీరుమేడులో పుట్టి, సి.వి. రామన్ దగ్గర పరిశోధన చేసి, వాతావరణ పరికరాలను దేశంలోనే తయారు చేయించిన మనిషి. ఏ చోట ఏ నెలలో గాలి ఎంత వేగంతో వీస్తుందో చెప్పే పట్టికలను ఉద్యోగ విరమణ తర్వాత కూర్చుని తయారుచేశారు. గాలిలో శక్తి వేగానికి ఘనంలో పెరుగుతుంది. వేగం రెట్టింపైతే శక్తి ఎనిమిదింతలవుతుంది. కాబట్టి కొలతలో చిన్న తప్పు జరిగినా పెట్టుబడిలో పెద్ద గొయ్యి పడుతుంది. అలా కొలిచిన చోట్ల 1986లో ట్యుటికోరిన్, ఓఖా వంటి సముద్రతీరాల్లో ప్రభుత్వ ఖర్చుతో తొలి ప్రదర్శన కేంద్రాలు లేచాయి. ఒక్కో మర సామర్థ్యం 55 కిలోవాట్లు. ఈరోజు పెడుతున్న ఒక్క యంత్రం అలాంటివి యాభైకి పైగా చేసే పని చేస్తుంది.

పి.వి. నరసింహారావు హయాంలో, 1992లో, సంప్రదాయేతర ఇంధనానికి ప్రత్యేక మంత్రిత్వ శాఖ ఏర్పడింది. రాష్ట్రాలు యూనిట్‌కు 2 రూపాయల 25 పైసలిచ్చి కొనాలని, ఏటా 5 శాతం పెంచాలని అది సూచించింది. మిల్లు యజమాని కొండ మీద తీసిన కరెంటును రాష్ట్ర విద్యుత్ బోర్డు తీగల మీదుగా తన మిల్లుకు తెచ్చుకోవచ్చు. గాలి ఉన్న నెలల్లో బోర్డు దగ్గర దాచి, లేని నెలల్లో వాడుకోవచ్చు. దీన్నే బ్యాంకింగ్ అంటారు. తమిళనాడు మిల్లులకు పన్ను మినహాయింపు ఎంత తీపో, కోతల కాలంలో ఈ బ్యాంకింగ్ అంతకంటే తీపి. సూరత్‌లో బట్టల వ్యాపారం చేసుకునే తుల్సీ తంతి కరెంటు బిల్లు భరించలేక రెండు గాలిమరలు కొన్నాడు. బట్టల వ్యాపారం కంటే మరల వ్యాపారమే బాగుందని 1995లో సుజ్లాన్ పెట్టాడు. ఆ కంపెనీ తర్వాత ప్రపంచంలో పెద్ద తయారీదారుల సరసన నిలిచింది, అప్పుల్లో మునిగింది, తేలింది. అదో పెద్ద కథ.

ఆన్, ఆఫ్, ఆన్

1996లో కేంద్రంలో ప్రభుత్వం మారింది. లాభాలు చూపిస్తూ పైసా పన్ను కట్టని కంపెనీల సంగతి చూడాలని ఆర్థికమంత్రి చిదంబరం కనీస ప్రత్యామ్నాయ పన్ను తెచ్చారు. ఆయన గురి గాలిమరల మీద కాదు. అయినా దెబ్బ తగిలింది వాటికే. పన్ను ఎలాగూ తప్పదంటే ఫ్యాన్ ఎందుకని కొనేవాళ్లు ఆగిపోయారు. ఒక్క బడ్జెట్ ప్రసంగంతో ఆర్డర్లు ఎండిపోవడం ఈ రంగం మొదటిసారి చూసింది.

ఆ తర్వాత తరుగుదల నూరు శాతం నుంచి 80కి వచ్చింది. ఆ 80 మీదే మరో పదేళ్లు నడిచింది. ముంబయిలో సినిమా తారలూ క్రికెటర్లూ గాలిమరలు కొన్న కాలం అదే. వాళ్లకు పర్యావరణం మీద ప్రేమ ఉండి ఉండొచ్చు, దానికి నాకేమీ అభ్యంతరం లేదు.

చివరికి 2009 డిసెంబరులో కేంద్రం దారి మార్చింది. గ్రిడ్‌లోకి వచ్చిన ప్రతి యూనిట్‌కు 50 పైసలు అదనంగా ఇస్తామంది. తరుగుదల తీసుకున్నవారికి ఇది లేదు, రెంటిలో ఒకటే ఎంచుకోవాలి. మెగావాట్‌కు 62 లక్షల దాకా ఒక గరిష్ఠ పరిమితి ఉండేది, తర్వాత దాన్ని కోటికి పెంచారు. ఈ 50 పైసలు రంగం ముఖమే మార్చేశాయి. పన్ను ఆదా చేసుకునే మిల్లు యజమాని స్థానంలో కరెంటు అమ్ముకోవడమే వ్యాపారంగా పెట్టుకున్న కంపెనీలు వచ్చాయి. హైదరాబాద్ కేంద్రంగా గ్రీన్‌కో, మైత్రా లాంటివి ఎదిగింది ఈ కాలంలోనే. యూనిట్‌కు డబ్బు కాబట్టి గాలి బాగా ఉన్న కొండను వెతికారు, టవర్లు ఎత్తు పెంచారు, గేరు ఆగిపోతే మర్నాటికి మనిషిని ఎక్కించారు.

2012 ఏప్రిల్‌లో తరుగుదల రాయితీ, 50 పైసల రాయితీ రెండూ ఒకేసారి పోయాయి. అంతకు ముందు ఏడాది దాదాపు 3,200 మెగావాట్లు పెట్టిన దేశం ఆ ఏడు 1,700 దగ్గర ఆగింది. 2013లో 50 పైసలు తిరిగొచ్చాయి. 2014 బడ్జెట్‌లో అరుణ్ జైట్లీ తరుగుదల తిరిగిచ్చారు. మళ్లీ ఎక్కుడు. 2017 మార్చి 31తో 50 పైసలకు గడువు తీరుతుందని, తరుగుదల సగానికి తగ్గుతుందని తెలిసిన ఏడాది అందరూ ఎగబడి 5,500 మెగావాట్లు నిలబెట్టారు. ఆ మరుసటి ఏడాది రెండు వేలు కూడా దాటలేదు.

ఇది మన ఒక్కరి జబ్బు కాదు. అమెరికాలో 1992 నుంచి యూనిట్‌కు పన్ను రాయితీ ఉంది. గడువు తీరినప్పుడల్లా అక్కడి కాంగ్రెస్ కొంతకాలం నాన్చి మళ్లీ పొడిగించేది. 2012లో 13 వేల మెగావాట్లు పెట్టిన ఆ దేశం, 2013లో వెయ్యి దగ్గర చతికిలబడింది. అక్కడ గాలి ఒక్క ఏడాదిలో తగ్గిపోయిందని ఎవరూ అనుకోలేదు.

వాన రాని చోటికి గాలి

ఇక మన రాయలసీమ సంగతి. అనంతపురానికి ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల చిల్లర వాన. నైరుతి మేఘాలు పడమటి కనుమల అవతలే బరువు దింపుకొని, ఇటు వట్టి గాలిగా వస్తాయి. ఆషాఢంలో ఆ గాలికి ఎర్రమట్టి లేచి కళ్లల్లో కొడుతుంది. వేరుశనగ విత్తుకున్న రైతు ఆకాశం వైపు చూస్తూ తిట్టుకునేది ఆ గాలినే. వాన తేని గాలికి ఇక్కడ ఎన్నడూ విలువ లేదు.

దానికి మొదట ధర కట్టింది రామగిరి కొండల మీద. బంగారు గనులు పేరు తెచ్చిన ఆ ఊళ్లో 1990లలో రాష్ట్ర సంప్రదాయేతర ఇంధన సంస్థ నెడ్‌క్యాప్ ప్రదర్శన మరలు పెట్టింది. వెనకాలే ప్రైవేటు మరలూ వచ్చాయి. తిరుమలలో కాకులకొండ మీద తిరిగే ఫ్యాన్లను కొండెక్కే భక్తులు బస్సు కిటికీల్లోంచి పిల్లలకు చూపించేవాళ్లు. అంతకు మించి చాలా ఏళ్లు రాష్ట్రంలో పెద్దగా కదలిక లేదు. 2014 మార్చి నాటికి మొత్తం దాదాపు 750 మెగావాట్లు.

2015 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ కొత్త పవన విద్యుత్ విధానం తెచ్చింది. ఐదేళ్లలో 4,000 మెగావాట్లు లక్ష్యం. విద్యుత్ నియంత్రణ మండలి యూనిట్‌కు దాదాపు 4 రూపాయల 84 పైసల ధర నిర్ణయించింది, ఒప్పందం 25 ఏళ్లు. దీనికి కేంద్రం ఇచ్చే 50 పైసలు తోడు. అంతే, ఉరవకొండ, వజ్రకరూరు, బెళుగుప్ప, శింగనమల, అటు కర్నూలు జిల్లాలో పత్తికొండ, తుగ్గలి దారుల్లో పొడవాటి రెక్కలను మోసే ట్రెయిలర్లు మలుపుల దగ్గర ఇరుక్కోవడం రోజూ కనిపించే దృశ్యమైంది. రెక్క తిరగడానికి వీధి మూలన అరుగు కొట్టేయాల్సి వచ్చిన ఊళ్లున్నాయి. 2016-17 ఒక్క ఏడాదిలో రాష్ట్రం 2,190 మెగావాట్లు కలుపుకొని దేశంలో మొదటి స్థానంలో నిలిచింది. 2019 మార్చికి మొత్తం 4,090కి చేరింది. తెలంగాణ వాటా దీని పక్కన చాలా చిన్నది, 128 మెగావాట్లు. దక్కన్ పీఠభూమి అటువైపు గాలి అంత ఉదారం కాదు.

ఆ పరుగులోనే, 2017 ఫిబ్రవరిలో, ఢిల్లీలో ఒక వేలం జరిగింది. కేంద్ర సంస్థ సెకీ మొదటిసారి పవన విద్యుత్తును వేలం వేస్తే ధర 3 రూపాయల 46 పైసలకు పడింది. అక్టోబరులో రెండో వేలంలో 2.64. డిసెంబరులో గుజరాత్ సొంత వేలంలో 2.43. మన విద్యుత్ పంపిణీ సంస్థలు (డిస్కంలు) 4.84కి సంతకాలు చేసిన సిరా ఇంకా ఆరలేదు.

జీవో 63

2019 మేలో రాష్ట్రంలో ప్రభుత్వం మారింది. జూలై 1న జీవో 63 వచ్చింది. పాత కొనుగోలు ఒప్పందాల (పీపీఏల) ధరలు తగ్గించేందుకు ఉన్నత స్థాయి సంప్రదింపుల కమిటీ వేశారు. కొద్ది రోజులకే డిస్కంల నుంచి కంపెనీలకు లేఖలు వెళ్లాయి: గాలి కరెంటుకు 2.43కి, సౌర విద్యుత్తుకు 2.44కి దిగండి, లేకపోతే ఒప్పందం రద్దు.

కొత్త ప్రభుత్వం వాదనలో అసలు పస లేదని నేను అనను. రెండు మెగావాట్ల మర సామర్థ్యంలో నాలుగో వంతు పలికితే ఏడాదికి దాదాపు 44 లక్షల యూనిట్లు. పాత ధరకూ వేలం ధరకూ తేడా యూనిట్‌కు 2 రూపాయల 41 పైసలు. ఒక్క ఫ్యాన్ మీదే ఏడాదికి కోటి రూపాయల పైమాట. పైగా గాలి కరెంటు వచ్చినప్పుడల్లా తీసుకోవాల్సిందే, అది నిబంధన. అది ఉరకలేసే వానాకాలంలో డిస్కం థర్మల్ కేంద్రాన్ని తగ్గించుకుంటుంది. తగ్గించినా ఆ కేంద్రానికి కట్టాల్సిన స్థిర చార్జీలు తప్పవు. ఒకే యూనిట్‌కు రెండు చోట్ల డబ్బు కట్టినట్టు లెక్క. వేలాలు మొదలవుతున్నాయని తెలిసీ పాత ధరకు అంత తొందరగా అన్ని సంతకాలు ఎందుకు చేశారన్న ప్రశ్న కూడా అడగాల్సినదే. కేంద్రం ఇచ్చే 50 పైసలు ఎవరివి, కొనుగోలు ధరలోంచి వాటిని తగ్గించుకోవచ్చా అన్న తగాదా అంతకు ముందే నియంత్రణ మండలి దాకా వెళ్లింది.

అయితే ఆ ధర ఏ మంత్రిగారి జేబులోంచో వచ్చింది కాదు. బహిరంగ విచారణ జరిపి నియంత్రణ మండలి ఇచ్చిన ఉత్తర్వు అది. దాన్ని చూసి బ్యాంకులు అప్పిచ్చాయి. కేంద్ర విద్యుత్ మంత్రి ఆర్.కె. సింగ్ వద్దని లేఖలు రాశారు. జపాన్ రాయబారి కూడా రాశారు. కంపెనీలు హైకోర్టుకు వెళ్లాయి. 2019 సెప్టెంబరు 24న ఏక సభ్య ధర్మాసనం జీవోను కొట్టేసింది. కానీ విషయం నియంత్రణ మండలి తేల్చేదాకా 2.43, 2.44 లెక్కనే చెల్లించవచ్చంది. ఆ మధ్యంతర ధరతోనే రెండున్నరేళ్లు గడిచాయి. 2022 మార్చి 15న డివిజన్ బెంచ్ తీర్పు చెప్పింది: ఒప్పందంలో రాసిన ధరే ఇవ్వాలి, బకాయిలు ఆరు వారాల్లో తీర్చాలి.

అంటే వడ్డీలూ వకీళ్ల ఫీజులూ కలుపుకొని, చివరికి పాత ధరే. ఆదా చేద్దామనుకున్న సొమ్ము ఆదా కాలేదు. పోయింది మాత్రం లెక్కకు దొరుకుతుంది. 2019 మార్చిలో 4,090 మెగావాట్లున్న రాష్ట్రం 2025 మార్చికి 4,100 దగ్గరే ఉంది. ఆరేళ్లలో పది మెగావాట్లు కూడా కలవలేదు. అదే ఆరేళ్లలో గుజరాత్ ఆరు వేల చిల్లర నుంచి పన్నెండు వేలు దాటింది. కర్ణాటక 4,700 నుంచి ఏడు వేలు దాటింది. బళ్లారి జిల్లా గాలికీ అనంతపురం గాలికీ మధ్య సరిహద్దు రాయి ఒక్కటే అడ్డం.

నేరమంతా జీవో మీద వేయడం కూడా సరికాదు. వేలంలో నెగ్గాలంటే కారుచవకగా కోట్ చేయాలి, అలా చేయాలంటే గాలి అన్నిటికంటే గట్టిగా వీచే చోటికే వెళ్లాలి. అందుకని అందరూ కచ్ మీద పడ్డారు. అక్కడ భూమి చాలక, లైన్లు చాలక, నెగ్గిన ప్రాజెక్టులు ఏళ్ల తరబడి కాగితాల మీదే మిగిలాయి. యంత్రాలు చేసే కంపెనీలు నష్టాల్లో కూరుకుపోయాయి. 2019లో సుజ్లాన్ విదేశీ బాండ్ల బాకీ కట్టలేకపోయింది. ధర తగ్గించిన వేలం పెట్టుబడిదారులను కూడా తగ్గించింది. గత కొన్నేళ్ల వేలాల్లో ధర మళ్లీ మూడు రూపాయలు దాటింది. 2.43 అన్నది ఆ ఒక్క రోజు ఆశలు పలికించిన అంకె. దాన్ని పట్టుకొని మనం ఒక రాష్ట్రం విద్యుత్ విధానాన్ని నడపబోయాం.

బంజరు అని రాసిన కొండ

ఈ లెక్కల్లో దేనిలోనూ లేని ఒక పద్దు ఉంది. పాత అనంతపురం జిల్లాలో చెన్నేకొత్తపల్లి, రొద్దం మండలాల మధ్య కల్పవల్లి అనే కొండల వరుస ఉంది. రెవెన్యూ కాగితాల్లో అది బంజరు. 1990ల నుంచి టింబక్టు కలెక్టివ్, చుట్టుపక్కల ఊళ్ల జనం కలిసి ఆ వేల ఎకరాలను మంట పెట్టకుండా కాపాడితే గడ్డి లేచింది, వాగుల్లో నీరు నిలిచింది. గొర్రెల కాపరులకు మేత, ఆడవాళ్లకు చీపుళ్లకు గడ్డి, ఇంటికి కట్టెలు అక్కడివే. తోడేళ్లూ తిరిగొచ్చాయి. ఆ వరుసలోని నల్లకొండ మీద 50 మెగావాట్ల చిల్లర గాలిమరల కేంద్రం లేచింది. మరకు కావలసిన చోటు చిన్నదే. దాని దగ్గరికి క్రేన్ ఎక్కడానికి కొండ వాలులో తొలిచిన దారులే పెద్దవి. తొలిచిన మట్టి వానకు జారి చెరువుల్లో, వాగుల్లో పడింది. గ్రామస్థుల పక్షాన విషయం 2013లో జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లింది.

పర్యావరణ ప్రభావ అంచనా చేయాల్సిన ప్రాజెక్టుల జాబితాలో గాలిమరలు లేవు. 2006 నోటిఫికేషన్ వాటిని వదిలేసింది. పొగ రాదు కాబట్టి హాని లేదన్న నమ్మకం. ఇది కూడా ఒక ప్రోత్సాహకమే, బడ్జెట్ ప్రసంగంలో కనబడదు గానీ. పైసా ఖర్చు లేకుండా సర్కారు ఇచ్చిన రాయితీ ఇది. దాని ఖరీదు గొర్రెల కాపరి కట్టాడు. కొండ మీదికి దారి ఎటు నుంచి వేయాలో ఆ కాపరిని ఒక్కమాట అడిగి ఉంటే సగం మట్టి జారేది కాదు. ఇందుకు చట్టం కూడా అక్కర్లేదు.

సాయంత్రం యూనిట్

2025 మార్చికి దేశం మొత్తం పవన విద్యుత్ సామర్థ్యం 50 వేల మెగావాట్లు దాటింది. చైనా, అమెరికా, జర్మనీల తర్వాత స్థానం మనది. ఇప్పుడు కొనేవాళ్లు అడిగే సరుకు మారింది. పగలు సౌర విద్యుత్తు పొంగిపొర్లుతోంది, కరువంతా పొద్దు వాలాక. రాయలసీమ గాలి చాలా చోట్ల సాయంత్రం పుంజుకొని రాత్రంతా వీస్తుంది. సౌర ఫలకాలు, గాలిమరలు, బ్యాటరీలు లేదా నీళ్లు ఎత్తిపోసే పిన్నాపురం లాంటి జలాశయాలు కలిపి, అడిగిన గంటకు కరెంటిస్తామనే టెండర్లు వస్తున్నాయి. అంటే ప్రోత్సాహకం యంత్రం నుంచి యూనిట్‌కు, యూనిట్ నుంచి గడియకు మారింది. మంచి మార్పే అని నా అభిప్రాయం. ఇంకో మంచి మార్పు చిన్న మరలను తీసేసి అదే చోట పెద్దవి పెట్టడం. 1990లలో ఆడిటర్లు నాటించిన మరలు ముప్పందల్‌లో ఇప్పటికీ గాలి బాగా వీచే జాగాలను ఆక్రమించి కూర్చున్నాయి. ఒక్కో మరకు ఒక్కో యజమాని, అందరినీ ఒక్క చోట కూర్చోబెట్టడమే పెద్ద పని.

2024 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ సమీకృత స్వచ్ఛ ఇంధన విధానం ప్రకటించింది. లక్ష్యం 160 గిగావాట్ల పైన, పెట్టుబడులు 10 లక్షల కోట్లు. 2025 మేలో గుత్తి మండలం బేతపల్లిలో రెన్యూ కంపెనీ 22 వేల కోట్ల సౌర, పవన, బ్యాటరీ సముదాయానికి శంకుస్థాపన జరిగింది. 2019లో జీవో 63 మీద హైకోర్టుకు వెళ్లిన రంగమే మళ్లీ గుత్తికి వచ్చిందంటే ఆషాఢం గాలికి ఇప్పటికీ గిరాకీ ఉన్నట్టే.

ఆ రంగానికి కొత్త విధానంలో రాయితీల పేజీ కంటే బాకీ చెల్లించే తేదీ ముఖ్యం. కేంద్రం 2022లో తెచ్చిన ఆలస్యపు చెల్లింపుల నిబంధనలతో డిస్కంలు పాత బాకీలను వాయిదాల్లో కడుతూ వచ్చాయి. కట్టకపోతే బయట మార్కెట్‌లో కరెంటు కొనుక్కునే వీలు తగ్గిపోతుంది. ఇలాంటి కొరడా ఒకటి ఉన్నాక బ్యాంకులు అనంతపురం పేరు వింటే మునుపటంత ఉలిక్కిపడటం లేదు. 4.84కి 2016లో సంతకమైన ఒప్పందాలు 2041 దాకా నడవాలి. ఈలోగా రాష్ట్రంలో మరో మూడుసార్లు అసెంబ్లీ ఎన్నికలు జరుగుతాయి. బేతపల్లి ఫ్యాన్లకు ఈ లెక్క 2050 దాకా వెళ్తుంది.